నా కుడిపాదానికి పట్టిన వైభోగం

అరుదైన జబ్బు రావడం అదృష్టం! నవ్వకండి. షుగరూ బీపీ వీధికి పదిమందికి ఉంటాయి. వాటికి ఏం మర్యాద? నాకొచ్చినదాన్ని మా సర్జన్ మేడమ్ ఇరవై రెండేళ్ల సర్వీసులో రెండోసారి చూడటమట. మా సైనిక్‌పురిలో ఇంకెవరికైనా ఉందేమో కనుక్కోండి!

మొదట కుడిపాదం మీద, బూటు లేసు కట్టేచోట, రేగిపండంత బుడిపె లేచింది.

"పోయి డాక్టర్‌కు చూపించుకోరాదుండ్రి" అంది మా ఆవిడ కల్పలత.

డాక్టరెందుకు? ఫోనుంది కదా! మూడు వారాలు రీసెర్చ్ చేసి అది గాంగ్లియాన్ అని, అంటే వట్టి నీటిబుడిపె అని తేల్చేశాను. డాక్టరు దగ్గరికి వెళ్లింది కూడా ఆ సంగతి ఆయనకు తెలియజేయడానికే. ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "అవును, గాంగ్లియానే. రేపు రండి, సూదితో నీరు లాగేద్దాం" అన్నాడు. ఇద్దరు నిపుణుల అభిప్రాయం కలిసింది! ఎంత పొంగిపోయానో!

రేపు సూది గుచ్చాక కట్టే కట్టు మీద తొడగడానికి వదులు చెప్పులు కావాలి కదా? తిరిగొస్తూ సికింద్రాబాద్‌లో సాదిక్ భాయ్ చెప్పుల దుకాణంలో ఆగి, రేపటి సూది సంగతి చెప్పాను. ఆయన నా పాదం మోకాలి మీద పెట్టుకుని, పట్టీ సర్దబోయి ఆగిపోయాడు. రెండు వేళ్లు బుడిపె మీదే ఉంచాడు.

"సార్, గిది కొట్టుకుంటుంది."

"ఏం కొట్టుకుంటుంది?"

"దిల్ లెక్క. జెర మీరే చెయ్యి పెట్టి చూడుండ్రి."

పెట్టాను. టక్, టక్, టక్. నీటిబుడిపెకు గుండె ఉంటుందని ఫోన్‌లో ఎక్కడా రాయలేదే!

"సూది గీది పెట్టనియ్యకుండ్రి సార్. ముందుగాల పెద్ద దవాఖానకు పోండ్రి."

అక్కడ రక్తనాళాల సర్జన్ హదస్సా మేడమ్ స్కాన్ తీసి తేల్చింది. పాదం మీది ధమని గోడ పలచబడి బెలూన్‌లా ఉబ్బిందట. అన్యూరిజం! లోపల పేరుకున్న రక్తపు గడ్డ జారితే వేళ్లు నల్లబడిపోతాయట.

"మరి సూది గుచ్చి ఉంటే, మేడమ్?"

"ధమనిలోనే గుచ్చేవారు."

మూడు వారాల నా పాండిత్యం అక్కడే చెమటై కారిపోయింది.

వేళ్లకు ఇంకో నాళం నుంచి రక్తం చాలినంత అందుతోందని చూసుకుని, ఆమె ఉబ్బిన ముక్క తీసేసి కొసలు కట్టేసింది. ఇక వార్డులో నా దర్జా చూడాలి! జూనియర్ డాక్టర్లు గుంపులుగా వచ్చి పాదానికి ఫొటోలు తీశారు. నా పేరు బ్రహ్మచారి. అదేమిటని ఒక్కరూ అడగలేదు. పేరుదేముంది, పాదం ఫేమస్ అయింది కదా!

మొన్న సోమవారం చెకప్‌కు వెళ్లాను. మేడమ్ సెలవులో ఉంది. కొత్త డాక్టరు స్క్రీన్ మీద నా ఫైలు పైకీ కిందికీ జరిపి, "గాయం అద్భుతంగా మానింది, పాదం చాలా బాగుంది!" అన్నాడు.

దండం పెట్టి వచ్చేశాను. బూట్లు విప్పమని ఆయన అనలేదు. అంత చదువుకున్న మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనూ విప్పలేదు.