శనివారం పది గంటల పాట

ఆ శనివారం పొద్దున ఇస్మో కౌప్పినెన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగాలి, వంటింట్లో వదులైపోయిన అలమార తలుపు బిగించాలి, తరవాత మళ్ళీ కాఫీ తాగాలి. మంచూ చీకటీ కమ్ముకునే తంపెరె ఊళ్ళో నవంబరు నెలలో అంతకంటే పెద్ద ఆశలు ఎవరూ పెట్టుకోరు. భార్య మెర్వి ఈతకొలనుకు వెళ్ళింది. సరిగ్గా పది గంటలకు ఇస్మో స్టూలెక్కి స్క్రూడ్రైవరు చేత పట్టుకున్నాడో లేదో, నెత్తిమీది కప్పులోంచి సంగీతం మొదలైంది.

ముందు డ్రమ్స్. తొందర లేదు, హడావిడి లేదు, తను ఎక్కడికి వెళ్తోందో తనకు తెలిసిన దెబ్బ. దాని మీదకి గిటార్లు బరువుగా వచ్చి కూర్చున్నాయి. ఆపైన ఒక గొంతు. అరవగలిగి కూడా అరవకుండా, చాలాసేపు నిభాయించుకుని, ఇక లాభం లేదనుకున్నాక ఒక్కసారి గర్జించింది. అలమారలో గ్లాసులు గల్లుమన్నాయి. ఇస్మో ఒళ్ళు జల్లుమంది.

యాభై నాలుగేళ్ళ మనిషి. నీటి సరఫరా శాఖలో పంపులు చూసుకునే ఉద్యోగం. ఆ భవనం నివాసుల సంఘానికి పదకొండేళ్ళుగా అధ్యక్షుడు. అంతటివాడు స్టూలు మీద నిలబడి చెవి కప్పుకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉండిపోయాడు. ఏ పాటో చెప్పే సదుపాయం ఫోనులో ఉంది కదా అని దాన్నీ కప్పుకు ఆనించాడు. కాంక్రీటు దాటి వచ్చిన గుడగుడ విని, ఆ ఫోను చాలాసేపు ఆలోచించి, ఏమీ తేల్చలేక చేతులెత్తేసింది. సరిగ్గా అప్పుడే మెర్వి తడి జుట్టుతో లోపలికి వచ్చింది.

"ఏం చేస్తున్నావ్ ఇస్మో? కప్పు కూలుతోందా?"

"ష్! విను. ఎవరో కొత్త కుర్రాళ్ళు. ఎంత బాగా వాయిస్తున్నారో విను!"

"నువ్వు? హెవీ మెటల్? ఇరవై రెండేళ్ళ తరవాతా?"

ఆవిడ ఆశ్చర్యానికి కారణం ఉంది. కుర్రతనంలో ఇస్మోకి దేవుడూ దయ్యమూ అన్నీ రౌతవిర్త అనే బృందమే. వాళ్ళ మొదటి మూడు ఆల్బములూ కంఠతా వచ్చు. వాళ్ళ పేరున్న గుడ్డముక్కను తన చేతులతో చొక్కా వీపున కుట్టుకుని, ఆ చొక్కాతోనే పెళ్ళిచూపులంత గంభీరంగా మెర్వి తల్లిదండ్రుల ముందు కూర్చున్నాడు. నాలుగో ఆల్బములో వయొలిన్లు వినపడ్డాయి. అంతే. "పెళ్ళివిందు వాయిద్యం!" అని తీర్పు చెప్పి, రౌతవిర్తతో పాటు ఆ మోత మొత్తానికే తిలోదకాలిచ్చేశాడు. ఎవరైనా ఆ పేరెత్తితే "వాళ్ళు చచ్చిపోయారు" అనేవాడు. వాళ్ళు నిక్షేపంగా బతికే ఉన్నారు. ఈయన వాకబు చెయ్యలేదు.

"మా రౌతవిర్త వాళ్ళు బుద్ధిగా ఉంటే ఇలా తయారయ్యేవాళ్ళు," అన్నాడు స్టూలు మీదనుంచే. "ఈ కుర్రాళ్ళ దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి వాళ్ళు."

"పైకెళ్ళి తలుపు కొట్టి ఏ పాటో అడగరాదూ?"

ఇస్మో ఆవిడ వంక జాలిగా చూశాడు. ఇల్లు తగలబడుతుంటే తప్ప ఆ భవనంలో ఎవరూ ఎవరి తలుపూ కొట్టరు. అప్పుడు కూడా ముందు ఫోను చేస్తారు. పైగా పైన నాలుగు వాటాలున్నాయి, శబ్దం ఏ మూలనుంచి దిగుతోందో తెలియదు. అందుకని మర్యాదస్తులు చేసే పనే చేశాడు. కింద మెట్ల దగ్గరి నోటీసు బోర్డు మీద చీటీ అంటించాడు.

"శనివారం పది గంటలకు సంగీతం పెట్టినవారు దయచేసి నన్ను కలవండి. ఇస్మో కౌప్పినెన్, అధ్యక్షుడు."

పాపం, అతని ఉద్దేశం పాలలా స్వచ్ఛమైనది. కానీ పదకొండేళ్ళుగా ఆ బోర్డు మీద అతని చీటీలు ఎలాంటివో అందరికీ తెలుసు. సైకిళ్ళు మెట్లకింద పెట్టరాదు. ఆవిరిస్నానం వంతు అయ్యాక తువ్వాళ్ళు మరిచిపోరాదు. ఎవరు మరిచిపోయారో నాకు తెలుసు. అలాంటి చేతి రాతలో "నన్ను కలవండి" అని చదివి ఎవరు మాత్రం కలుస్తారు?

సాయంత్రానికి ఆ చీటీ కింద ఇంకో నాలుగు చీటీలు మొలిచాయి. "నాకూ ఇబ్బందే." "శనివారమైనా ప్రశాంతత ఉండొద్దా?" "అధ్యక్షులవారితో ఏకీభవిస్తున్నాను." నాలుగోది రిటైరైన బస్సు డ్రైవరు కలెవిది. పెద్దక్షరాలతో ఒకే మాట: "అవును."

మరుసటి శనివారం తొమ్మిదిన్నరకే ఇస్మో స్టూలెక్కి సిద్ధంగా కూర్చున్నాడు. పది అయింది. పదకొండు అయింది. కప్పు కిమ్మనలేదు. వారమంతా పంపుల దగ్గర ఆ దెబ్బనే వేళ్ళతో వాయించుకుంటూ తిరిగినవాడికి ప్రాణం ఉసూరుమంది. కంగారులో కిందికి పరిగెత్తి రెండో చీటీ అంటించాడు.

"ఈ శనివారం సంగీతం వినపడలేదు. గమనించాను."

"ఇదేమిటి, పోలీసు నోటీసులా?" అంది మెర్వి బోర్డు ముందు నిలబడి.

"ఎందుకు ఆగిందని అడిగాను. అంతేగా!"

"ఎక్కడ అడిగావ్? నాకే భయమేస్తోంది."

భయం భవనమంతా పాకింది. వ్యవహారం ఇంత ముదిరిందా అని భవనం మేనేజరు పై అంతస్తు నాలుగు వాటాలకూ హెచ్చరిక లేఖలు పంపాడు. సంఘం కార్యదర్శి పిర్కో, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఖచ్చితమైన మనిషి, తరవాతి వారం ఆదివారం రెండు గంటలకు అత్యవసర సమావేశం వేసింది. శనివారాలు సంగీతం పూర్తిగా నిషేధిస్తూ తీర్మానం కూడా టైపు చేసి ఉంచింది. అధ్యక్షుడి సంతకం ఒక్కటే తరవాయి. ఇస్మో ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఒక్క పాట పేరు తెలుసుకుందామనుకుంటే, తన చేత్తోనే దాని పీక నొక్కాల్సి వచ్చింది.

ఆదివారం నేలమాళిగలో ఆవిరిస్నానాల గది పక్కన ఉన్న హాలులో పధ్నాలుగు మంది కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. పిర్కో తీర్మానం చదవబోతుంటే వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. డెబ్బై తొమ్మిదేళ్ళ ఐలి పుహక్క. ఊలు టోపీ, ఒళ్ళో పెద్ద అట్టపెట్టె.

"ఆ పాటలు పెట్టింది నేనే," అంది ఆవిడ, లేచి నిలబడి. "తప్పయిపోయింది. శనివారం యాలకుల బన్నులకి పిండి పిసుకుతాను. నా చేతుల్లో ఇప్పుడు సత్తువ లేదు. ఆ డ్రమ్ముల వాళ్ళు పక్కనుంటే పని సాగుతుంది. స్పీకర్లు ఇదిగో, పెట్టెలో పెట్టేశాను. రేపు ఎవరికో ఇచ్చేస్తాను."

"పిండి పిసకడానికి హెవీ మెటలా?" అన్నాడు కలెవి.

"మా ఆయన ఐనో పోయి రెండేళ్ళయింది. అందరూ వచ్చి ధైర్యంగా ఉండు, నవ్వుతూ ఉండు అంటారు. రేడియోలో ఒకరోజు ఈ మనిషి గొంతు వినపడింది. నవ్వమని అనలేదు. నాతో పాటు ఏడ్చినట్టు అరిచాడు. హాయిగా అనిపించింది. మొన్నీమధ్యే మనవరాలు ఆల్బము కొనిపెట్టింది. రౌతవిర్త అని, వాళ్ళ తొమ్మిదోదట."

ఇస్మో కుర్చీ కిర్రుమంది. మెర్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే.

రౌతవిర్త! తను చంపి పాతిపెట్టినవాళ్ళు ఇరవై రెండేళ్ళు వాయిస్తూ, ముసలివాళ్ళవుతూ, ఆ గొంతు అరుగుతూ లోతవుతూ ఇక్కడిదాకా వచ్చారు. వయొలిన్ల దారిలో వెళ్ళి, ఓర్పు నేర్చుకుని, బరువు పోగొట్టుకోకుండా తిరిగొచ్చారు. తను మాత్రం అలిగి ఉన్నచోటే కూర్చున్నాడు. ఇస్మోకి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా సంతోషం కలిగింది.

"ఆ పెట్టె ఎవరికీ ఇవ్వొద్దు," అన్నాడు లేచి.

"జప్తు చేస్తారా?" అంది పిర్కో, కలం పట్టుకుని.

"కాదు! నాకు నచ్చింది. చాలా బావుంది. పేరు అడుగుదామనే చీటీ రాశాను."

హాలు చల్లబడిపోయింది. కలెవి తల అడ్డంగా ఊపాడు. "పెద్దావిడండీ. వెక్కిరించకండి, బావుండదు."

ఐలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోనీలే నాయనా, ఇంకెప్పుడూ పెట్టను," అంది.

ఇక మాటలతో అయ్యే పని కాదని ఇస్మోకి అర్థమైంది. కళ్ళజోడు తీసి తీర్మానం మీద పెట్టాడు. కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. రౌతవిర్త మొదటి ఆల్బములో మొదటి పాట, పొట్ట అడుగునుంచి ఎత్తుకున్నాడు. మొదటి కేక గొంతులో ఇరుక్కుని దగ్గుగా బయటికొచ్చింది. రెండోది బయటపడింది. ఆవిరిస్నానాల గదిలో రేకు బకెట్లు మోగాయి. మొహం కందగడ్డయింది, మెడ నరాలు ఉబ్బాయి. అధ్యక్షులవారు ఆపలేదు.

రెండో చరణం దగ్గర ఎవరో బల్ల మీద దరువెయ్యడం మొదలెట్టారు. చూస్తే కలెవి. మూడో చరణానికి పిర్కో జడముడి ఊడదీసి తల ఊపుతోంది. పాట పూర్తయ్యేసరికి పధ్నాలుగు మందిలో తొమ్మిది మందికి మాటలన్నీ వచ్చని తేలింది.

"మరి ఇబ్బందని రాశారు కదయ్యా మీరంతా?" అన్నాడు ఇస్మో, రొప్పుతూ.

"మీరు రాశారు కదా అని రాశాం," అన్నాడు కలెవి. "అధ్యక్షుడికి ఇబ్బందైతే మాకు మాత్రం ఉండొద్దూ? నేను ఆ శనివారం కిటికీ తెరుచుకుని మరీ విన్నాను."

"నేను కూడా," అంది పిర్కో, చిన్నగా.

ఇస్మో వెళ్ళి ఐలి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె విప్పాడు. తీగలు తనే కలిపాడు. తొమ్మిదో ఆల్బము మొదటినుంచి చివరిదాకా, కాంక్రీటు అడ్డం లేకుండా, పధ్నాలుగు మందీ విన్నారు. చివర వయొలిన్లు వచ్చాయి. ఇస్మో వాటికి కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"దీన్ని సమావేశం మినిట్సులో ఎలా రాయమంటారు?" అంది పిర్కో, జడ ముడివేసుకుంటూ.

"జరిగింది జరిగినట్టు రాయండి," అన్నాడు ఇస్మో.

ఆవిడ అలాగే రాసింది: "నాలుగో అంశం. అధ్యక్షులు గర్జించారు. అభ్యంతరాలు లేవు."