తెల్ల తివాచీ మీద బూటు ముద్ర

ఏ తీరాన భాస్కరుడు చలికాలంలో ఉదయం తొమ్మిదిన్నర దాటితే గానీ పక్క దిగడో, ఏ తీరాన వానా మంచూ తమలో తాము కలహించి చివరికి రెండూ కలిసి మనుషుల మెడల్లోకే దిగుతాయో, ఆ నార్వే పడమటి తీరంలో, స్టూర్‌విక్ అనే చిన్న రేవు ఊళ్లో, జనవరి మూడో గురువారం నాడు, చర్చి కింది గదిలో, ముప్పైనాలుగేళ్లు ఫెర్రీ పడవ మీద టిక్కెట్లు చించిన హస్తలాఘవ ధురీణుడూ, ఆరు శీతకాలాల అపరాధపరిశోధక నవలా తపస్వీ, ఆదివారం ఆరాధన ఒక్కటీ తప్పని భక్తాగ్రేసరుడూ అయిన ఆస్లాక్ క్వాల్‌హైమ్ శత్రుమధ్యంలో మేజోళ్లతో కూర్చుని ఉన్నాడు. ఎడమ మేజోడు చిల్లులోంచి ఆ మహావీరుని బొటనవేలు రణరంగాన్ని పరికిస్తోంది.

శత్రువులు ఇద్దరు. ఒకరు సోల్‌ఫ్రిడ్, ఊళ్లో సగంమందిని ఈ లోకంలోకి లాగిన మంత్రసాని. రెండోవాడు ఐలిఫ్, రిటైరైన కస్టమ్స్ అధికారి. అనుమానం అతని ఊపిరి. ముగ్గురూ రచయితలే. ప్రతి గురువారం ఒకరి రాతను మిగతా ఇద్దరూ చీల్చి చెండాడతారు. చెండాడుతున్నంతసేపూ, బల్ల మీది వాఫుల్స్ అనే గళ్ల అట్లు అయిపోయేదాకా, రాసినవాడు నోరు మెదపకూడదు. అది సోల్‌ఫ్రిడ్ పెట్టిన నియమం. ఈ వారం వంతు ఆస్లాక్ నవలది.

"వాతావరణమే పదకొండు పేజీలుందయ్యా," అన్నాడు ఐలిఫ్, వాఫుల్ మీద జున్ను పలక పరుస్తూ. "శవం దొరికేసరికి నాకు జలుబు చేసింది."

"అది పోనీ. నూటనలభయ్యో పేజీ చూడు," అంది సోల్‌ఫ్రిడ్. "డాక్టర్ని చంపడానికొచ్చినవాడు బురద బూట్లతో ముందుగదిలోకి నడిచొచ్చాడట. తెల్ల తివాచీ మీద ముద్ర పడిందట. దాంతో దొరికిపోయాడట. ఏ దేశపు హంతకుడు వాడు?"

"నాకూ అదే అనిపించింది. మనవాళ్లెవరూ బూట్లతో లోపలికి రారే."

"చంపడానికొచ్చినా సరే, గుమ్మం దగ్గర విప్పే వస్తాడు. వాడికీ ఓ తల్లి ఉంటుంది కదా."

ఆ వాక్యం వజ్రాయుధమై ఆస్లాక్ వక్షస్థలాన్ని తాకింది. మూడువందల పన్నెండు పేజీల మహాసౌధానికి ఆ ముద్రే ఏకైక మూలస్తంభం. బెర్గెన్‌లో ఒక ప్రచురణకర్త నెలాఖరులోగా పంపితే చదువుతానన్నాడు, అదీ ఒక్కసారే. అతను వద్దంటే కాగితాలన్నీ పొయ్యిలో వేసి మళ్లీ కలం పట్టనని ఆస్లాక్ భార్య ముందు ప్రతిజ్ఞ చేసి ఉన్నాడు.

'ఓ సోల్‌ఫ్రిడ్, ఓ నిర్దయాగ్రగణ్యా,' అని అతని అంతరంగం గర్జించింది, 'ఆరేళ్ల నా తపఃఫలాన్ని ఒక్క వాఫుల్ నమిలేంతలో భస్మం చేశావే. హంతకులకు మర్యాద నేర్పబోయి రచయితల ప్రాణం తీస్తావా?' కానీ పళ్లెంలో ఇంకా రెండు వాఫుల్స్ ఉన్నాయి. నియమబద్ధుడైన ఆ ధీరుడు గర్జననంతటినీ గుటక వేసి, లేచి, గుమ్మం దగ్గర బూట్లలోకి కాళ్లు దూర్చి, మౌనంగా, భయంకరంగా నిష్క్రమించాడు. దారి పొడవునా కాళ్లు పిండేసినట్టున్నా, అది కోపమే అనుకున్నాడు.

ఇంట్లో భార్య గున్‌వోర్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది.

"వాళ్లకి సాహిత్యం తెలీదు," అన్నాడు. జరిగింది చెప్పాడు.

"మొన్న పైపు పగిలి వంటింట్లో నీళ్లు నిలిచాయి కదా. ప్లంబర్ ఏం చేశాడు?"

"బూట్లు విప్పి, మేజోళ్లతో నీళ్లలో నిలబడ్డాడు."

"మరి?"

"అతను హంతకుడు కాడు కదా."

"హంతకుడైతే నా గచ్చు మీద అసలు అడుగు పెట్టనిస్తానా?" అని ఆవిడ ఇంకో దుంప అందుకుంది.

భోజనానికి ముందు ఆస్లాక్ ఎప్పటిలాగే చేతులు జోడించాడు. ప్రభువా, చంపకూడదన్న నీ ఆజ్ఞ నాకు తెలుసు. అయినా ఒక హత్య సవ్యంగా జరిగేలా చూడమనడం తప్పా? అంతలో ఇంకో సందేహం వచ్చింది. తాను పుస్తకం బాగుపడాలని అడుగుతున్నాడా, సోల్‌ఫ్రిడ్ పొరబడాలని అడుగుతున్నాడా? రెండూ ఒకటి కావు. రెండోదే ఎక్కువ భక్తిగా అడుగుతున్నట్టు అతనికే తెలిసింది. సిగ్గుపడి ఆమెన్ అనేశాడు.

అప్పుడే ఫోను మోగింది. గున్‌వోర్ తీసింది.

"ఐలిఫ్ చేశాడు. నీ బూట్లు వేసుకుని ఇంటికెళ్లాడట. దారిలో రెండుసార్లు బూట్లు వెనకే ఉండిపోయి, కాళ్లు ముందుకొచ్చాయట."

ఆస్లాక్ గుమ్మం దగ్గరికి నడిచాడు. ఊళ్లో ఉన్న ఒకే దుకాణంలో అందరూ కొనే నల్ల రబ్బరు బూట్లు. తిరగేసి చూస్తే లోపల ఐలిఫ్ పేరు.

కోపంలో ఉన్నవాడే పక్కవాడి బూట్లు తొడుక్కుని పోతే, చంపి పారిపోయేవాడి సంగతేమిటి? వాడు డాక్టరుగారి బూట్లలో పారిపోతాడు. వాడి బూట్లు గుమ్మం దగ్గరే, మర్యాదగా, జతగా ఉండిపోతాయి. చనిపోయినాయనవే అనుకుని పోలీసులు మూడు రోజులు వాటిని దాటుకుంటూ తిరుగుతారు, ఎవరో తిరగేసి లోపలి పేరు చదివేదాకా.

ఇక చెప్పేదేముంది. అయిదు దినాలు అహోరాత్రాలుగా కాక, ఉదయం కాఫీ తర్వాత భోజనం వేళ దాకా, ఆ కలం యోధుడు తన సొంత సేననే తెగనరికాడు. విశేషణాలు ఆర్తనాదాలు చేస్తూ కూలాయి. పరిచిన చేతులతోనే తెల్ల తివాచీని సమాధి చేశాడు. వాతావరణ దుర్గం మీద కూడా దండెత్తాడు గానీ ఒక్క పేజీని మించి చంపడానికి చేతులు రాలేదు.

గురువారం మళ్లీ వాఫుల్స్, మళ్లీ మౌనం. సోల్‌ఫ్రిడ్ డాక్టరు హత్య జరిగే పేజీ చదివి, కళ్లజోడు తీసింది.

"వీడు మనూరివాడే," అంది. "పంపించెయ్. ఆ వానలో ఎవరు చదువుతారో మాత్రం నాకు తెలీదు."

"పది పేజీలకి తగ్గింది లెద్దూ," అన్నాడు ఐలిఫ్.

ఆ విధంగా, నలభై ఒక్క పేజీలు నేలకొరిగిన ఆ ఘోర సంగ్రామంలో, వీరాధివీరుడు ఆస్లాక్ క్వాల్‌హైమ్ మూడే మూడు మాటల సామ్రాజ్యాన్ని జయించాడు: 'అతను బూట్లు విప్పాడు.' విజయోత్సాహంతో మిగిలిన ఆఖరి వాఫుల్ అతనే తిన్నాడు. బయటికి వెళ్లేముందు మాత్రం ముగ్గురూ వంగి, బూట్ల లోపలి పేర్లు చదువుకున్నారు.

ఈ గాథ చదివినవారికీ, విన్నవారికీ ఎవరి బూట్లు వారికే దక్కుగాక.