పిండుడు మిషను మాయం

"ఈ శంషాబాద్‌ల నేరం జేసి నా కంట్ల పడకుంట తప్పించుకునేటోడు ఇంకా పుట్టలే సోమన్నా. పుట్టిననాడే దవాఖానల పట్టుకుంట."

రాఘవేందర్ ఈ మాట అన్నప్పుడు అతని ఒక చేతిలో పళ్లపొడి, రెండో చేతిలో చెంబు ఉన్నాయి. అయినా గొంతులో గాంభీర్యానికి లోటు రాలేదు. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడపడం అతని బతుకుదెరువు. అపరాధ పరిశోధన అతని ప్రాణం. విమానాలు ఆలస్యమైనప్పుడల్లా పార్కింగులో సీటు వెనక్కి వాల్చి డిటెక్టివ్ నవలలు చదివీ చదివీ, తనలో ఒక మహా మేధావి నిద్రపోతున్నాడని గ్రహించాడు. నిద్రపోతున్నది మేధావి కాదు, డ్రైవరేనని అతని భార్య రేణుకమ్మ అభిప్రాయం. విజిటింగ్ కార్డులు కూడా అచ్చు వేయించాడు: 'రాఘవేందర్, ప్రైవేటు డిటెక్టివ్. క్యాబ్ కూడా దొరకును.' ఇప్పటిదాకా ఆ కార్డు చూసి వచ్చిన ఫోన్లన్నీ రెండో వాక్యం గురించే.

అందుకే పక్కింటి సోమయ్య పొద్దున్నే వచ్చి "పోయింది తమ్మీ" అని నెత్తిన చేతులు పెట్టుకోగానే రాఘవేందర్ కళ్లు మెరిశాయి. ఎదుటివాడి కష్టానికి మెరవకూడదని తెలుసు. కానీ కళ్లు అతని మాట ఎప్పుడూ వినలేదు.

"ఏం పోయింది?"

"పిండుడు మిషను."

రెండిళ్లకూ కలిపి ఒకటే వాకిలి, ఒకటే నల్లా. సోమయ్య ఆరాంఘర్‌లో వెల్డింగు పని చేస్తాడు. అతని భార్య జంగమ్మ, విమాన ప్రయాణికులు దిగే ఒక లాడ్జీలో గదులు తుడుస్తుంది. రోజంతా తడి మాపును చేతులతో పిండీ పిండీ ఆమె కుడి మణికట్టు వాచిపోయింది. ఇంకా పిండితే చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు. పిండకపోతే నేల తడిగా ఉంటోందని, ఒక ప్రయాణికుడు జారిపడ్డాడని లాడ్జీ ఓనరు మల్లేశ్వర్ చెప్పాడు. ఇద్దరి మధ్యా నలిగి సోమయ్య, బకెట్ అంచుకు తగిలిస్తే మాపును పిండిపెట్టే సాధనం ఒకటి సొంతంగా తయారు చేశాడు. ఈ సాయంత్రం దాన్ని చూసి, నచ్చితే జంగమ్మను ఉంచుతానన్నాడు మల్లేశ్వర్. నచ్చకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు.

"జంగమ్మ లాడ్జీకి పోతు పోతు అది నల్లా కాడ ఉన్నదన్నది. నేను తానం జేసొచ్చి చూస్తె బకెట్ ఉన్నది, అది లేదు," అన్నాడు సోమయ్య.

"నువ్వు పరేషాన్ గాకు. ఈ వాకిట్ల ఒక అదృశ్య హస్తం ఆడుకున్నది. ఇది అంతర్జాతీయ ముఠా పని."

"అంతర్జాతీయమా?"

"ఎయిర్‌పోర్టు ఎంత దూరమున్నది?"

"గీడనే."

"మరి?"

సోమయ్య తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

"నీ ఫార్ములా దుబాయ్ చేరకముందే పట్టుకోవాలె," అన్నాడు రాఘవేందర్.

"ఫార్ములా ఏంలేదు తమ్మీ. అది ఎట్లుంటదంటే..."

"చెప్పకు. గోడలకు చెవులుంటయి."

పోయిన వస్తువు ఎలా ఉంటుందో తెలుసుకోకుండానే పరిశోధన మొదలైంది. నల్లా పక్కన నేలమీద తెల్లటి పొడి కనిపించింది. రాఘవేందర్ మోకాళ్ల మీద వంగి, వేలి కొసతో అద్ది, నాలుక మీద వేసుకున్నాడు. నవలల్లో డిటెక్టివులు ఈ పని చేశాక ముఠా పేరు చెబుతారు. రాఘవేందర్ మాత్రం చెంబెడు నీళ్లు పుక్కిలించాడు.

"ముగ్గుపిండి," అన్నాడు సోమయ్య జాలిగా. "జంగమ్మ పొద్దుగాల ఏసింది."

"తెలుసు. రూఢి చేసుకున్న."

తర్వాత తడి చుక్కలు కనిపించాయి. నల్లా దగ్గర బయలుదేరి, వాకిలి దాటి, గోడ పక్కగా నడిచి, రాఘవేందర్ కారు వెనక చక్రాల దగ్గర ఆగిపోయాయి. అతను వాటిని ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి పరిశీలించి డిక్కీకి ఆనుకొని నిలబడ్డాడు.

"అర్థమైంది. దొంగ ఇక్కడిదాక నడిసిండు. ఇక్కడ బండెక్కిండు. అంటే బండి ఉన్నోడన్నట్టు."

"నీకు గూడ ఉన్నది గద తమ్మీ."

"జోకులకు ఇది టైము గాదు సోమన్నా."

అంతలో ఫోను మోగింది. అక్క మనవడి పుట్టువెంట్రుకలని పొద్దున్నే పాల్మాకుల పోయిన రేణుకమ్మ. "కేసుల ఉన్న, తర్వాత మాట్లాడుత," అని పెట్టేశాడు. మళ్లీ మోగితే గొంతు నొక్కేశాడు. గొప్ప డిటెక్టివులెవరికీ పెళ్లిళ్లు ఎందుకు కావో అతనికి ఎప్పుడో అర్థమైంది. అయినవాళ్లకు ఏం దారో మాత్రం ఏ నవలలోనూ లేదు.

"ఇగ చూడు. నీ మిషను లేకపోతే ఎవ్వనికి లాభం?" అన్నాడు.

సోమయ్య ఆలోచించాడు. "ఎవ్వనికి లేదు."

"ఉన్నది. మాపులు, గిర్రున తిరిగే బకెట్లు అమ్మేటోనికి ఉన్నది. నీ మిషను నడిస్తే వాని బకెట్లు కొనేదెవరు?"

"జయశీలనా?" సోమయ్య ముఖం మాడింది. "వాడు నా చిన్ననాటి దోస్తు."

"నవలలల్ల దొంగ ఎప్పుడు దోస్తే ఉంటడు."

మెయిన్ రోడ్డు మీద జయశీలన్‌కు ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంది. మండుటెండలో కోతిటోపీ పెట్టుకుని, నల్లకళ్లద్దాలతో రాఘవేందర్ లోపలికి వెళ్లాడు. సోమయ్య గుమ్మం బయటే ఆగిపోయాడు.

"రా రాఘవా," అన్నాడు జయశీలన్ చెవి దగ్గర ఫోను పెట్టుకునే. "సలిజరం వచ్చిందా ఏంది, టోపీ పెట్టినవు?"

మారువేషం అక్కడితో ముగిసింది. రాఘవేందర్ చీపుళ్ల చాటుకు జరిగి చెవులు రిక్కించాడు. జయశీలన్ గొంతు తగ్గించి ఫోనులో అంటున్నాడు: "మాపు పంపిస్త. సోమన్నకు మాత్రం చెప్పకు."

రాఘవేందర్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మాపు, పంపడం, సోమన్నకు చెప్పకపోవడం. ఇంతకంటే నేరాంగీకారం ఏ ముఠా నాయకుడిస్తాడు? అతను చీపుళ్ల చాటు నుంచి ఒక్క దూకు దూకాడు. దూకు బాగానే ఉంది. దిగిన చోట బకెట్ల దొంతర ఉంది. దొంతర ఫినాయిల్ సీసాల మీద పడింది, సీసాలు నేలమీద పడ్డాయి, ఆ నేల మీద రాఘవేందర్ పడ్డాడు. పడుకునే ఉండి వేలు చూపించాడు.

"జయశీలన్, నీ ఆట కట్టు. ముక్కు పిండి నిజం కక్కిస్త. సోమన్న మిషను దొంగిలించింది నువ్వే."

దుకాణంలో సామాన్లు కొంటున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జయశీలన్ రాఘవేందర్‌ను అసలు చూడలేదు. గుమ్మం వైపు చూశాడు.

"నువ్వు గూడ గట్లనే అనుకున్నవా సోమన్నా?"

సోమయ్య కాదని అని ఉండాల్సింది. కానీ మాట దొరకడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపులోనే జయశీలన్ ముఖం తిప్పుకున్నాడు.

"పోండ్రి," అన్నాడు మెల్లగా. "గిరాకి టైము."

ఇద్దరూ కారెక్కారు. ఫినాయిల్ వాసనకు అద్దాలు దించుకున్నారు. తాను పట్టుకున్నవాడు బెదరలేదు, పారిపోలేదు, ఒట్టి బాధపడ్డాడు. ఈ రకం నేరస్థుడు రాఘవేందర్ చదివిన ఏ పుస్తకంలోనూ తగల్లేదు. అంతలో ఎయిర్‌పోర్టుకు బుకింగు వచ్చింది. మేధావి పక్కకు జరిగి డ్రైవరుకు చోటిచ్చాడు.

ఎక్కినావిడ విజయవాడ మనిషి. చేతిలో ఒక్క భుజం సంచి. "ఇదేంటండీ, ఆసుపత్రిలో కూర్చున్నట్టుంది," అని ముక్కు మూసుకుంది గానీ, విమానానికి టైము లేదని ఊరుకుంది. సోమయ్య ముందు సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ రోజు ఎయిర్‌పోర్టు దారిలో బండ్లను ఆపి డిక్కీలు తెరిపిస్తున్నారు. రాఘవేందర్ దిగి డిక్కీ ఎత్తాడు. తడి సీటు కవర్ల గుట్ట. దాని మధ్యలోంచి ఇనుప చట్రం ఒకటి పైకి పొడుచుకొచ్చింది. చట్రానికి రెండు కర్ర రోలర్లు, వాటిని బిగించి పట్టిన లావుపాటి స్ప్రింగు, పక్కన ఒక పిడి.

"ఇదేంది?" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు.

రాఘవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అతను చదివిన పుస్తకాల్లో స్ప్రింగు ఉన్న వస్తువేదీ మంచికి వాడింది కాదు.

"నా జిందగీల ఎన్నడు చూడలే సార్. ఎవరో పెట్టిన్రు. ఇది అంతర్జాతీయ ముఠా..."

ఆ మాట ఏ చోట నిలబడి అంటున్నాడో, సగం అన్నాక తెలిసొచ్చింది. మిగతా సగం మింగుదామనుకున్నాడు, దిగలేదు. ఆఫీసరు చెయ్యెత్తగానే ఇంకో ఇద్దరు వచ్చారు.

"ఏ ముఠా? నువ్వెవరు?"

అలవాటు కొద్దీ రాఘవేందర్ చెయ్యి జేబులోకి పోయి కార్డు తీసిచ్చింది. ఆఫీసరు మొదటి వాక్యం చదివాడు. రెండో వాక్యం చదివాడు. మనిషిని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఈ రెండిట్ల ఏది నిజం?"

"రెండోది సార్."

ఇంత సూటి జవాబు రాఘవేందర్ తన జన్మలో ఎవరికీ ఇవ్వలేదు.

ఆలస్యం ఎందుకో చూద్దామని సోమయ్య దిగి వెనక్కి వచ్చాడు. డిక్కీలోకి తొంగి చూశాడు. ఉన్నచోటనే నిలబడిపోయాడు.

"అగో, నా మిషను."

ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వాడు ఎన్నడు చూడలేదంటడు, నువ్వు నాదంటవు. ఏం జేస్తది ఇది?"

"పిండుతది సార్."

"ఏం పిండుతది?"

"నీళ్లు."

కారులోంచి ఆవిడ తల బయటపెట్టింది. "ఏవండీ, ఆ విచారణ అయిపోతే నా విమానం గురించి కూడా కాస్త విచారిస్తారా?"

సోమయ్య చట్రాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, ఒక సీటు కవరు కొసను రోలర్ల మధ్యకు దూర్చి, పిడి నొక్కి సర్రున లాగాడు. నీళ్లు ధారగా కారి ఆఫీసరు బూట్ల మీద పడ్డాయి. కవరు అవతలి పక్క నుంచి పొడిపొడిగా వచ్చింది. ఆఫీసరు కవరును తాకి చూశాడు, బూట్లను చూసుకున్నాడు.

"పని జేస్తది," అన్నాడు. "పోండ్రి. ఇంకోపారి ముఠా గిఠా అనకు."

ఆవిడను దింపేసరికి ఫోను మళ్లీ మోగింది. ఈసారి రాఘవేందర్ ఎత్తాడు.

"పొద్దటి సంది చేస్తున్న, కేసంట కేసు," అంది రేణుకమ్మ. "నేను పోయేముందు సీటు కవర్లు ఉతికి, నల్లా కాడున్న జంగమ్మక్కోల్ల మిషను గూడ టబ్బుల పెట్టిన. కవర్లు దాంట్ల పిండి ఆరెయ్యి, మిషను వాళ్లకియ్యి అంటే పుస్తకంలకెల్లి తల లేపకుంట ఊఁ అన్నవు. ఇచ్చినవా లేదా?"

టబ్బును టబ్బుగానే డిక్కీలో బోర్లించి, పార్కింగులో ఆరేద్దామనుకున్న సంగతి రాఘవేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆ సమయాన కథలో హంతకుడు దొరకబోతున్నాడు. చేతులేం చేస్తున్నాయో ఎవరు చూస్తారు?

"దొంగెవ్వడో తెల్సిందా?" అన్నాడు సోమయ్య.

"తెల్సింది. నేనే సోమన్నా."

తిడతాడని ఎదురుచూశాడు. సోమయ్య తిట్టలేదు. మిషనును ఒళ్లో పెట్టుకుని "లాడ్జీకి పోనియ్యి" అన్నాడు.

చేరేసరికి పొద్దు వాలింది. లాడ్జీ ముందు జంగమ్మ, మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఎదురుచూస్తోంది. పక్కన దళసరి అంచున్న కొత్త బకెట్.

"గిదెక్కడిది?" అన్నాడు సోమయ్య.

"జయశీలనన్న పంపిండు. పాత బకెట్ అంచు పగిలింది, ఓనరు ముందు మిషను కదులుతదని. మాపు పంపిస్త, సోమన్నకు చెప్పకు, వద్దంటడు అని ఫోన్ జేసిండు. మాపటికి అన్నోడు పగటీలనే పంపిండు."

మాపు అంటే సాయంత్రమని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ క్షణంలో శంషాబాద్ మొత్తంలో ఆ మాటకు ఇల్లు తుడిచే కర్ర అని అర్థం చెప్పుకున్న బుర్ర ఒక్కటే ఉందని, అది తన మెడ మీదే ఉందని రాఘవేందర్‌కు తెలిసింది. అంతకంటే బరువైన సంగతి, బకెట్ వచ్చింది దుకాణంలో గొడవ జరిగిన తర్వాత.

మల్లేశ్వర్ వచ్చి చెంబుతో నీళ్లు తెచ్చి తనే నేలమీద పోశాడు. జంగమ్మ మాపుతో నీళ్లన్నీ తీసి, రోలర్ల మధ్య దూర్చి, ఎడమ చేత్తో పిడి నొక్కి పైకి లాగింది. కుడి చేతిని వాడనే లేదు. మళ్లీ తుడిచింది. మల్లేశ్వర్ బూట్లు విడిచి, మేజోళ్లతో ఆ మేర నడిచి, కాలెత్తి అడుగు చూసుకున్నాడు.

"తడి లేదు," అన్నాడు. "సోమయ్యా, అంతస్తుకొకటి చేసియ్యి. జంగమ్మా, మిగిలినోళ్లకు నువ్వే నేర్పియ్యి."

జంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. సోమయ్య ఆమెను చూసి నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. అతనూ రాఘవేందరూ కారెక్కి మెయిన్ రోడ్డు మీది దుకాణానికి పోయారు.

దుకాణంలో ఫినాయిల్ ఇంకా జిగటగా అలాగే ఉంది. గిరాకీ వదలక తుడవలేకపోయినట్టున్నాడు జయశీలన్. రాఘవేందర్ నిలబడి జరిగిందంతా చెప్పాడు. తనను తాను వెనకేసుకురాలేదు. చివర "తప్పయింది అన్నా" అన్నాడు.

"నోటి మాటలు పొద్దటి సంది మస్తు విన్న," అన్నాడు జయశీలన్. మూలనున్న మాపు తీసి అతని చేతిలో పెట్టాడు.

సోమయ్య కూడా వంగబోతే జయశీలన్ స్టూలు ముందుకు తోశాడు. "నువ్వు కూసో సోమన్నా. చాయ్ తాగు." సోమయ్య కూర్చున్నాడు. ఒక గ్లాసు అతనికిచ్చి, జయశీలన్ ఒకటి తీసుకున్నాడు.

రాఘవేందర్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తుడవడం మొదలుపెట్టాడు. రెండుసార్లు పిండేసరికే అరచేతులు ఎర్రబడ్డాయి, మణికట్టు గుంజింది. జంగమ్మ ఇది రోజూ ఎన్ని గదుల్లో చేస్తుందోనని ఆలోచిస్తుండగా, ఒక పెద్దావిడ సంచితో లోపలికి వచ్చి తడి నేల చూసి గుమ్మంలోనే ఆగింది.

"తమ్మీ, గా మూలకు గూడ జర తుడువు. కొత్తగ చేరినవా?"

"ఔనక్కా," అన్నాడు రాఘవేందర్. "ఇయ్యాల్నే."

జయశీలన్‌కు చాయ్ గొంతులో అడ్డం పడి గట్టిగా దగ్గు వచ్చింది. ఆ దగ్గులో సగం నవ్వేనని కనిపెట్టడానికి రాఘవేందర్‌కు ఏ ఆధారమూ అవసరం పడలేదు. అతను తల వంచుకుని ఆ మూల తుడవసాగాడు.