ఒక్కపొద్దు నాటి ఉమ్మి

పొద్దున్నే హిందూపురంలో కరోనా పరీక్ష చేయించుకుని, మర్నాడు రిపోర్టు చేతికి రాగానే ధర్మవరం బండి ఎక్కాలని అక్కమ్మ అనుకుంది. అక్కడి ఆసుపత్రిలో ఆమె అక్క తిమ్మక్క గుండెజబ్బుతో పడి ఉంది. జబ్బు లేదన్న కాగితం చూపితేనే వార్డులోకి రానిస్తారు. అక్క బతకాలని అక్కమ్మ ఆ రోజు ఒక్కపొద్దు పట్టింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ల్యాబు కుమారస్వామికి ఆ వారమే కొత్త పని తగిలించారు. ప్రతి మనిషికీ ముక్కులోంచి, గొంతులోంచి, నోటి ఉమ్మి నుంచి మూడు నమూనాలు తీసి, ఏది జబ్బును బాగా పట్టిస్తుందో పోల్చాలి. ముక్కులో, గొంతులో పుల్లల పని అయ్యాక అతను అక్కమ్మకు డబ్బీ ఇచ్చాడు.

"ఈ గీత దాకా ఉమ్మవ్వా" అని పక్క మనిషి దగ్గరికి పోయాడు.

"నోరంతా ఎండిపోయిండాది. యాడనుంచి తెచ్చేది?" అంది అక్కమ్మ.

"రెండు గుక్కలు నీళ్ళు తాగత్తా" అంది కోడలు వీణ.

"తాగితే మా అక్కకేమన్నా అయితే?"

అత్త కళ్ళలో నీళ్ళు ఊరాయి గానీ నోట్లో ఊరలేదు. వీణ చూడలేకపోయింది. డబ్బీ లాక్కుని తనే గీత దాకా నింపేసింది. "ఒకే ఇంట్లో తింటాండాం. ఎవురిదైతే ఏమత్తా?" ఆ పిల్ల మనసు మంచిది, ఖర్మ కొద్దీ చేతులూ చురుకే.

మర్నాడు ముక్కులో లేదు, గొంతులో లేదు, ఉమ్మిలో ఉందని తేలింది! "పుల్లలు రెండూ మోసం చేసినాయి సార్, ఉమ్మి పట్టేసింది!" అని కుమారస్వామి ఈ పోలిక పని అప్పగించిన పెనుకొండ డాక్టరుకు ఫోను చేశాడు. ఇంత అరుదైన మనిషిని తన దగ్గరే ఉంచాలని ఆయన అంబులెన్సు పంపాడు. పెనుకొండలో రోజూ మూడు నమూనాలు తీశారు. ఎందులోనూ ఏమీ కనబడలేదు.

"బాగా దాక్కుంది" అని డాక్టరు ఇంకో రెండు రోజులు ఉంచాడు.

నిజం చెబితే అత్తను తిడతారని వీణ నోరు మెదపలేదు. నాలుగో రోజు తనకే జ్వరం వచ్చాక డాక్టరుకు ఫోను చేసి ఏడ్చేసింది. "ఆ ఉమ్మి నాది సార్. మా అత్తకేం లేదు, ఇడిసిపెట్టండి."

అక్కమ్మకు కోపం రాలేదు. "జ్వరంలో దానికి గంజి ఎవురు పోస్తాండారో" అని బాధపడింది. డాక్టరు వదిలాక, మూడు నమూనాల్లోనూ జబ్బు లేదని మూడు ముద్రలు కొట్టిన కాగితం జాకెట్టులో దోపుకుని ధర్మవరం బండెక్కింది.

వార్డు గేటు దగ్గర అక్క పేరు చెప్పి చాపితే కాపలా మనిషి ఆ కాగితం అందుకోలేదు. "తిమ్మక్క చెల్లెలివా అమ్మా? తెల్లారేటప్పుడే పాణం పోయింది. లోపలికి పో."

"కాగితం చూడప్పా. నాకేం లేదు" అని అక్కమ్మ అక్కడే నిలబడి ఏడ్చింది.

చనిపోయినవాళ్ళను చూడటానికి ఏ పరీక్షా అక్కర్లేదట.