దశరథం రాసిన గ్రంథాలయ చరిత్ర

డెబ్బై ఎనిమిదిలో ఒక సోమవారం పొద్దున లైబ్రేరియన్ దశరథం అనుకున్న పని చాలా చిన్నది. కరీంనగర్ నుంచి కలెక్టరు తమ తాలూకాకు వస్తున్నాడు. గ్రంథాలయం గొప్పతనం రెండు పేజీల్లో రాసి ఆయన చేతిలో పెడితే, కప్పు కారుతున్న చోట నాలుగు గూనపెంకలు పడతాయి. మగ్గాల షిఫ్టు దిగి పేపరు చదువుకునే కార్మికులకు ఊళ్లో కూర్చునే చోటు అదొక్కటే.

పాత ఉర్దూ దస్త్రాలు తిరగేసి, నిజం తప్ప మరొకటి రాయలేదు పాపం. "నిజాం కాలంలో ఇది తాలూకా కచేరీ" అని గర్వంగా మొదలుపెట్టాడు. కలెక్టరు చదివి, తలాడించి, తహసీల్దారుకు ఇచ్చాడు.

తహసీల్దారు మరునాడే దిగాడు. "ఏమయ్యా, మేం పన్నెండేండ్ల సంది కిరాయి ఇంట్ల ఉంటున్నం. మా కచేరీల నువ్వు కూసున్నవా?"

"సార్, అది ఎన్నటి ముచ్చట!"

"నువ్వే రాసినవ్ గద. పదిహేను దినాలల్ల ఖాళీ చెయ్యి."

 కచేరీకి ముందు ఏముండేదో తేలిస్తే తహసీల్దారు హక్కు పోతుందనుకున్నాడు దశరథం. బాగా చదివినవాళ్లకే ఇలాంటి బుద్ధి పుడుతుంది. మళ్లీ దస్త్రాలు తవ్వి, "అంతకు ముందు ఇది పోలీసు ఠాణా" అని ఇంకో పేజీ జోడించి కలెక్టరుకు పంపాడు. మూడోనాడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఇద్దరు జవాన్లతో వచ్చి టేపు పట్టించాడు. పిల్లల పుస్తకాల గది లాకప్పుకు సరిగ్గా సరిపోతుందట.

ఊడ్చే పోశవ్వ చీపురు కింద పడేసింది. "ఓ సారూ, నీ రాతతోని ఒక్క పెంక ఎక్కలే. టేపులు పట్టుకొని మంది మాత్రం వస్తుండ్రు. గా కలం జర పక్కకు పెట్టరాదూ?"

దశరథం వినలేదు. ఊరి దొర, గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు బాలకిషన్‌రావు ఇంటికి పరుగెత్తాడు.

"ఫికర్ చెయ్యకు దశరథం. జాగా మా తాతది, నోటిమాట మీద లైబ్రరీకిచ్చిండు అని రాయి. ప్రైవేటు జాగా అంటే సర్కారోళ్లు ముట్టరు."

"కాగితం లేదు గద దొరా?"

"నువ్వు రాసేదే కాగితం. ఎన్కకు నేనున్న."

దశరథం ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇరవయ్యేళ్ల నౌకరీలో లేనిది రాయడం అదే మొదలు. అయినా రాశాడు, సంతకం చేశాడు, ముద్ర కొట్టి పంపాడు.

పని జరిగింది! దొర పేరు చూడగానే తహసీల్దారు నోరు మూసుకున్నాడు, ఇన్‌స్పెక్టరు టేపు చుట్టేశాడు. దశరథం సంబరంగా పోశవ్వకు చాయ్ తాగించాడు. ఆ వారంలోనే బాలకిషన్‌రావు మనుషులు పుస్తకాలను అరుగు మీద కుప్పపోసి, తలుపుకు తాళం వేశారు. రైసుమిల్లు ఆఫీసు పెడతాడట.

"మాటిచ్చిండ్రు గద దొరా!"

"మా తాత నోటిమాట మీద ఇచ్చిండు. నేను నోటిమాటతోనే వాపస్ తీసుకున్న."

దశరథం ఏడ్చినంత పని చేస్తూ తహసీల్దారు దగ్గరికి పోయాడు. "సార్, గది అబద్ధం! నేనే రాసిన!"

తహసీల్దారు ముద్ర మీద వేలు పెట్టాడు. "సర్కారు ముద్ర కొట్టి అబద్ధం రాసినవంటే నౌకరీ పోతది, జైలు గూడ అయితది. జర ఆలోచించి చెప్పు."

ఇంట్లో తినే నోళ్లు ఐదు. దశరథం ఆలోచించి ఊరుకున్నాడు. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు తాళం చూసి, "రేపు తెరుస్తరా సార్?" అని అడిగితే, సిగ్గుతో అరుగు మీది పుస్తకాలు సర్దుతూ కూర్చున్నాడు.

ఆ చరిత్ర మొత్తంలో అబద్ధం ఒక్క వాక్యమే. సర్కారు రికార్డుకు ఎక్కింది మాత్రం అదే.