మంత్రిగారి పిన్నీసు

"ఈ రోజు నుంచి మన జిల్లాలో కణితికి దాక్కోవడానికి చోటు లేదు!" అని ఆరోగ్య శాఖ ఉప మంత్రి ఫోతిస్ బర్దాకోస్ గారు ప్రకటించి, చప్పట్ల కోసం ఆగారు. ముందుగా చప్పట్లు కొట్టాల్సిన ప్రెస్ సలహాదారు స్టెర్గియోస్‌కి సరిగ్గా అప్పుడే దగ్గు తెర వచ్చింది. ఆ వాక్యం రాసింది అతనే కనుక మంత్రిగారు క్షమించారు.

పలియోకాస్త్రో జిల్లా ఆసుపత్రి వాకిట్లో ఇంత గొప్ప ప్రారంభోత్సవం మునుపెన్నడూ జరగలేదు. నిరుడు ఇదే వాకిట్లో మంత్రిగారు అంబులెన్సుల షెడ్డుకి రిబ్బన్ కత్తిరించారు గానీ, అంబులెన్సులు ఇంకా రాలేదు గనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఈసారి యంత్రం నిజంగానే వచ్చింది. చర్చి ఫాదర్ గారు ఆకుల రెమ్మను పవిత్ర జలంలో ముంచి కంప్యూటర్ మీద చిలకరించబోతే ఇంజనీరు అడ్డంపడి, ఆ దీవెనంతా తన చొక్కా మీదికి తీసుకున్నాడు.

యంత్రం పేరు ఆర్గోస్. గ్రీకు పురాణాల్లో ఒంటినిండా కళ్లున్న రాక్షసుడొకడు ఉండేవాడు, అతని పేరు పెట్టారు. కథ చివర్లో ఆ కళ్లన్నీ నిద్రపోతాయన్న సంగతి సభలో ఎవరూ ఎత్తలేదు.

"దీనికి మేం ఏమీ నేర్పలేదండీ," అన్నాడు ఇంజనీరు తడిచొక్కాతో మురిసిపోతూ. "ఈ ఆసుపత్రిలో ఇన్నేళ్లుగా తీసిన స్కాన్లన్నీ చూపించాం. ఇవి కణితి ఉన్నవి, ఇవి లేనివి అన్నాం. తేడా ఎక్కడుందో అదే కనిపెట్టుకుంది. డీప్ లెర్నింగ్ అంటే అదే."

"ఎలా కనిపెట్టింది?" అని అడిగింది డాక్టర్ మెల్పో. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఆ ఆసుపత్రిలో స్కాన్లు చదువుతున్నది ఆవిడే.

"అది దానికే తెలియాలి."

"మీకు తెలీదా?"

"మాకు తెలిస్తే ఇంక డీప్ ఎలా అవుతుంది డాక్టరుగారూ?"

మంత్రిగారు ఆవిడ చేతిలో పూలగుత్తి పెట్టి, "ఇక మీ కళ్లకి విశ్రాంతి," అన్నారు. విశ్రాంతి అంటే ఉద్యోగ విరమణ అని ఆవిడకి సాయంత్రం తెలిసింది. ఇకమీదట ఆపరేషన్ తేదీ ఇవ్వాలన్నా, ఏథెన్స్‌లో పెద్దాసుపత్రికి పంపాలన్నా ఆర్గోస్ అవునంటేనే. "మనిషి పొరపాటుకు ఇక తావు లేదు" అన్న మాట స్టెర్గియోస్ బ్రోషర్ అట్ట మీద వేయించాడు. దాన్ని చూసి అతనికి తన మీద తనకే గౌరవం కలిగింది.

తర్వాతి అంశం ప్రత్యక్ష ప్రదర్శన. టీవీ కెమెరాల ముందు మంత్రిగారు స్వయంగా స్కాన్ బల్ల మీద పడుకుంటారు, ఆర్గోస్ ఆయన్ని ఆరోగ్యవంతుడని ప్రకటిస్తుంది, మునిసిపల్ బ్యాండు వాయిస్తుంది. స్టెర్గియోస్ వేసిన పథకంలో చిన్న లోపం కూడా లేదు.

"లోహం ఏదైనా ఉంటే తీసేయండి సార్," అన్నాడు టెక్నీషియన్.

మంత్రిగారి బనియనుకి లోపలి వైపు పిన్నీసుతో గుచ్చిన తాయెత్తు ఒకటుంది. ఆ జిల్లాలో పుట్టినవాడికి బనియను లేకపోయినా తాయెత్తు ఉంటుంది. మంత్రిగారు దాని మీద చెయ్యి వేశారో లేదో, ముందు వరసలో నల్లబట్టలు కట్టుకుని కూర్చున్న ఆయన తల్లి, ఊరంతా 'కిరా వాసిలో' అని గౌరవంగా పిలిచే ముసలావిడ, లేచి నిలబడింది.

"ఒరేయ్ ఫోతీ! అది ముట్టుకున్నావంటే ఈ ఆదివారం నీకు నేను కాల్చే పాలకూర పిట్టా రొట్టె లేదు!"

ఆవిడ ఊళ్లో ఓట్లన్నీ ఆవిడ చెప్పిన చోట పడతాయి. మంత్రిగారు తాయెత్తుతోనే పడుకున్నారు.

తెర మీద పెద్ద అక్షరాలతో ఫలితం వచ్చింది: కణితి, 98 శాతం.

ఫలితం రాగానే వాయించమని బ్యాండుకి చెప్పి ఉన్నారు. వాళ్లు వాయించారు.

ఇలాంటి సమయంలోనే మనిషి సత్తా తెలుస్తుంది. స్టెర్గియోస్ మైకు లాక్కుని, "మిత్రులారా! మా నాయకుడు ప్రజల బాధని గుండెల్లో మోస్తున్నాడని ఇన్నాళ్లూ మేం చెబితే మీరు నమ్మలేదు. ఈ రోజు యంత్రమే చెప్పింది!" అన్నాడు. ఇద్దరు ముసలమ్మలు ఏడ్చారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు.

తలుపులు మూసిన వెనకగదిలో మంత్రిగారి మొహాన నెత్తురుచుక్క లేదు. "నాకు కణితి ఉందా?"

డాక్టర్ మెల్పో కళ్లద్దాలు పెట్టుకుని తెర ముందు వంగింది. "పిన్నీసు ఉంది."

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఉక్కులా ఉన్నారు."

"అంటే యంత్రం తప్పు చెప్పిందా?" ఇంజనీరు గబగబా తలుపు గడియ వేశాడు. యంత్రానికి డబ్బులిచ్చిన యూరోపియన్ యూనియన్ వాళ్లు బ్రస్సెల్స్ నుంచి వచ్చి బయట వరండాలో జున్ను పిట్టా తింటున్నారు.

డాక్టర్ మెల్పో నిట్టూర్చింది. "తప్పు దానిది కాదు, మాది. మామూలుగా వచ్చేవాళ్లని 'తాయెత్తు తీసి రండి' అని కసురుతాం. కానీ కణితి ఖాయమని తెలిసి, కోతకి ముందు ఇంకోసారి చూపించుకోవడానికి వచ్చేవాళ్లుంటారు. వణికిపోతూ వస్తారు. తాయెత్తుని గుప్పిట్లో పట్టుకుని వదలరు. తీసెయ్యమని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? 'ఉండనీలే నాయనా, పడుకో' అంటాం. నేనూ అలాగే అన్నాను, నాకు ముందున్నవాళ్లూ అలాగే అన్నారు."

"అయితే?"

"అయితే ఏముంది, కణితి ఉన్న స్కాన్లలో పిన్నీసు ఉంది. లేనివాటిలో లేదు. ఆర్గోస్ శ్రద్ధగానే చదువుకుంది పాపం. కణితిని కాదు, పిన్నీసుని."

ఇంజనీరు గోడకి చేరగిలబడ్డాడు. "పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయండీ దానికి!"

"పరీక్షకి స్కాన్లు ఎక్కడివి ఇచ్చారు?"

"ఇక్కడివే..."

మంత్రిగారు చేతిలోని కొంబొలోయ్ పూసలదండ తిప్పుకుంటూ ఆలోచించారు. పెద్దవాళ్ల ఆలోచన మనలాంటి వాళ్లకి అందదు. "అంటే," అన్నారు తల ఎత్తి, "పిన్నీసులదే తప్పు."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. స్కాన్ గదిలోకి పిన్నీసు నిషేధం. తలుపు పక్కన డబ్బా పెట్టారు. అందరూ అందులో తాయెత్తులు వేసి లోపలికి వెళ్లసాగారు.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. మొదటి వారం పలియోకాస్త్రోలో ఒక్కరికీ కణితి లేదు. రెండో వారమూ లేదు. నెల తిరిగేసరికి ఆపరేషన్ల కోసం కాచుకునేవాళ్ల వరుసే లేకుండా పోయింది. "సున్నా!" అని స్టెర్గియోస్ బస్టాండు మీద బ్యానరు కట్టించాడు. "కణితి లేని తొలి జిల్లా!" క్యాన్సర్ వార్డు మంచాలు తీయించి, ఆ గదిని ఆర్గోస్‌కి చల్లగా ఉండేలా ఏర్పాటు చేశారు. పక్క జిల్లాలో అదే నెలలో పదకొండు కణితులు బయటపడ్డాయని తెలిసి అక్కడి గవర్నరు సిగ్గుతో తల దించుకున్నాడు. ఇంత క్రమశిక్షణ మీకెలా వచ్చిందని అడిగి, తానూ ఒక ఆర్గోస్ కొన్నాడు, ఒక డబ్బా కూడా పెట్టించాడు.

స్టెర్గియోస్ దగ్గు మాత్రం తగ్గలేదు.

ఒక రోజు కాఫీ కొట్టు దగ్గర డాక్టర్ మెల్పో అతని చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్లుగా దగ్గుతున్నావయ్యా? పద, స్కాన్ తీయించుకో."

తీయించుకున్నాడు. ఆర్గోస్ అతన్ని నిక్షేపంలా ఉన్నాడంది. ఆవిడ మాత్రం స్కాన్‌ని ఫిల్మ్ మీద అచ్చు వేయించి, కాఫీ కొట్టు కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి, పెన్సిల్‌తో ఒకచోట చూపించింది. "ఇదిగో. శనగగింజంత. ఇప్పుడు తీసేస్తే తొంభై ఏళ్లు బతికి మమ్మల్ని పీక్కు తింటావు. ఆలస్యమైతే చెప్పలేను."

స్టెర్గియోస్ ఆవిడ చేతిలోంచి ఫిల్మ్ లాక్కుని చూశాడు. చావు తన దాకా వస్తుందని అతనెప్పుడూ ఊహించలేదు. అతని దృష్టిలో అది ప్రకటనలు చదివేవాళ్లకి సంబంధించిన విషయం. "ఆపరేషన్ తేదీ ఇప్పించండి డాక్టరుగారూ!"

"నా చేతుల్లో ఏముంది? ఆర్గోస్ అవునంటేనే గది తెరుస్తారు. మనిషి పొరపాటుకి తావు లేదు కదా."

అతను పరుగున మంత్రిగారింటికి వెళ్లాడు. మంత్రిగారు అంతా విని, పూసలు తిప్పడం ఆపేశారు.

"ఎన్నికల దాకా ఆగలేవా?"

"అది ఆగుతుందో లేదో తెలీదండీ."

"సున్నా అని రాసింది నువ్వే కదయ్యా!"

"నేనే. ఒకటి అని మార్చి రాస్తాను. ఒకటి కూడా చాలా తక్కువే కదండీ!"

"పిచ్చివాడా! సున్నాకి మొహం ఉండదు. ఒకటి అన్నావంటే, ఎవరా ఒకటి అని అడుగుతారు. మా ప్రెస్ సలహాదారే అని నేనెలా చెప్పను? పోనీ, యంత్రం నిన్ను ఆరోగ్యవంతుడంది. నువ్వూ ఒకసారి దాన్ని నమ్మి చూడరాదూ?"

స్టెర్గియోస్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే దగ్గొచ్చింది. ఆ దగ్గు విని, పళ్లెంలో చెంచాలతో పండ్ల మిఠాయి పట్టుకుని కిరా వాసిలో గదిలోకి వచ్చింది. తలుపు వెనక నుంచి అంతా వింటూనే ఉంది. పళ్లెం బల్ల మీద పెట్టి నేరుగా కొడుకు దగ్గరికెళ్లి చొక్కా గుండీలు విప్పింది. నిషేధపు ఉత్తర్వు మీద సంతకం పెట్టిన మంత్రిగారి బనియనుకి పిన్నీసు ఎప్పటిలాగే ఉంది.

"అమ్మా, నా తాయెత్తు..."

"నోర్ముయ్! నీకేం, గుండ్రాయిలా ఉన్నావు!" అని దాన్ని ఊడదీసి స్టెర్గియోస్ బనియనుకి గుచ్చి, దిష్టి తగలకుండా మూడుసార్లు ఫ్తూ ఫ్తూ ఫ్తూ అని ఉమ్మింది. "పద నాయనా. నిన్ను ఎవడు ఆపుతాడో నేనూ చూస్తాను."

మంత్రిగారి తల్లిని ఆపే ధైర్యం ఆసుపత్రిలో ఎవరికుంది? టెక్నీషియన్ డబ్బా వైపు ఒకసారి చూసి, తర్వాత పైకప్పు వైపు చూశాడు.

కణితి, 98 శాతం.

ఆ ఫలితం చూసి అంత సంతోషపడిన మనిషిని ఆసుపత్రి అంతకుముందు చూడలేదు. స్టెర్గియోస్ టెక్నీషియన్‌ని ముద్దు పెట్టుకున్నాడు. ఆ వారంలోనే ఏథెన్స్‌లో శనగగింజ తీసేశారు. మత్తు దిగగానే పక్కన కెమెరాలతో మంత్రిగారున్నారు. స్టెర్గియోస్ వృత్తిధర్మం మరిచేవాడు కాదు. మంచం మీద పడుకునే ఉండి, ప్రకటన చెప్పి రాయించాడు: "నిద్రపోని ఆర్గోస్! మనిషి కంటికి అందని కణితిని పట్టి, మంత్రిగారి కుడిభుజాన్ని కాపాడిన యంత్రం!"

బస్టాండు మీద సున్నా బ్యానరు దించి, ఇది కట్టారు.

అప్పటి నుంచి ఆసుపత్రి ఎదుటి కాఫీ కొట్టు కిటికీ బల్ల దగ్గర పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు కూర్చుంటున్నారు. జబ్బు అనుమానం ఉన్నవాళ్లు తమ ఫిల్ములు పట్టుకుని అక్కడికి వస్తారు. డాక్టర్ మెల్పో ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూస్తుంది. ఏమీ లేదంటే కాఫీ తాగి ఇంటికి పొమ్మంటుంది. ఏదైనా కనబడితే పక్కకి తల తిప్పి, "వాసిలో, ఒకటి ఇవ్వు," అంటుంది. కిరా వాసిలో బిస్కెట్ల రేకుడబ్బాలోంచి పిన్నీసు తీసి, వాళ్ల బనియనుకి గుచ్చి, మూడుసార్లు ఉమ్మి, ఆర్గోస్ దగ్గరికి పంపిస్తుంది.

ఆర్గోస్ ఇప్పుడు ఒక్క పొరపాటు కూడా చేయడం లేదు. కణితి ఉన్న ప్రతివాడినీ పట్టుకుంటోంది, లేనివాడి జోలికి పోవడం లేదు. ఈ సంగతి దేశమంతా పాకింది. ఆరోగ్య రంగంలో కొత్త శకానికి నాంది పలికినందుకు మంత్రిగారికి ఏథెన్స్‌లో బంగారు పతకం ఇచ్చారు. డాక్టర్లకీ పిన్నీసులకీ కాలం చెల్లిందని ఆయన అక్కడ ప్రసంగించారు. ప్రసంగం స్టెర్గియోస్ రాశాడు. చాలా బాగా వచ్చింది.

పతకం తీసుకున్న మర్నాడు పొద్దున, స్టెర్గియోస్ కాఫీ కొట్టులో కూర్చుని కోలుకుంటుండగా, నల్లకళ్లద్దాలు పెట్టుకుని కోటు కాలరు చెవుల దాకా ఎత్తుకున్న మనిషొకడు లోపలికొచ్చాడు. అటూ ఇటూ చూసి కిటికీ బల్ల దగ్గరికెళ్లాడు. కోటులోంచి ఫిల్మ్ తీశాడు. తీస్తుండగా లోపల పతకం గలగలలాడింది.

"ఒరేయ్ ఫోతీ, ఈ వేషమేంట్రా?" అంది కిరా వాసిలో.

"మెల్లిగా అమ్మా! వారం నుంచి ఇక్కడ పట్టేసినట్టుంది," అన్నారు మంత్రిగారు, ఛాతీ రాసుకుంటూ.

డాక్టర్ మెల్పో ఫిల్మ్ అందుకుంది. "ఆర్గోస్‌ని అడిగారా?"

"అడిగాను. నిక్షేపంలా ఉన్నానంది."

"మరింకేం?"

మంత్రిగారు నల్లకళ్లద్దాలు తీసేశారు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ నిలబడ్డారు. డాక్టర్ మెల్పో ఫిల్మ్‌ని కిటికీకి ఎత్తి పట్టి, ఎప్పటిలాగే పైనుంచి కిందికి చూడసాగింది.

"ఇందులో పిన్నీసు లేదు మంత్రిగారూ," అంది.

"అది నాకూ తెలుసమ్మా," అన్నారు మంత్రిగారు గొంతు తగ్గించి. "పిన్నీసు సంగతి వదిలేసి, ఇంకేముందో చూసి చెప్పండి."