బోర్డు లేని ఆసుపత్రికి దారి

పౌరుల పరువును మా ఆరోగ్యశాఖ కాపాడినంత భద్రంగా ఈ భూమ్మీద మరే శాఖా కాపాడదని సవినయంగా మనవి చేస్తున్నాను. మా బావ పరువును దాచిన చోటు కనుక్కోవడానికి నేనూ, అక్కా, బావా కలిసి ఒక పూటంతా తిరగాల్సి వచ్చింది.

బావ గోడలకు రంగులు వేసే మేస్త్రి. ఆ మధ్య నిచ్చెన మీదినుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు నొప్పికి బిళ్ళలు రాశాడు. నొప్పి తగ్గింది గానీ బిళ్ళలు తగ్గలేదు. (ఇందులో బావ తప్పెంత, బిళ్ళ తప్పెంత అని మా బంధువులు ఇప్పటికీ పంచాయితీ చేస్తూనే ఉన్నారు. వాళ్ళలో నిచ్చెన ఎక్కినవాడు ఒక్కడూ లేడు.) డాక్టరు రాయడం మానేశాక, వీధి మలుపులో పెద్ద గొడుగు వేసుకుని ఫోన్ కవర్లు అమ్మే మనిషి ఆ లోటు తీర్చాడు. గొడుగాయన దగ్గర ఫోన్ కవరు కొన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఒక పొద్దున బావ అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక నావల్ల కాదే. దీన్ని మాన్పించడానికి ఏదో మందిస్తారంట. ఇవాళే తీసుకెళ్ళు. రేపు నా మాట నేనే వినను" అన్నాడు. పెళ్ళయినప్పటినుంచి ఆయన అక్కని సాయం అడగడం అదే మొదలు. అక్క ఇంకేమీ అడగకుండా చెప్పులేసుకుంది.

నేను శాఖవారి సహాయ నంబరుకి ఫోన్ చేశాను. ముందు పాట వినిపించారు. మంచి పాటే, రెండో చరణం నాకు నోటికి వచ్చేసింది. తర్వాత ఒకావిడ ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది.

"శుభాకాంక్షలండీ! ఆ మందిచ్చే కేంద్రం మీకు చాలా దగ్గర్లోనే ఉంది."

"ఎంత దగ్గర?"

"నడిచి వెళ్ళిపోవచ్చండి."

"ఎటు నడవాలమ్మా?"

"అది చెప్పకూడదండి. పేషెంట్ల గోప్యత."

"పేషెంటు మా బావేనమ్మా. నా పక్కనే ఉన్నాడు."

"ఆయన గోప్యతేనండి."

కాబట్టి గోప్యతా పరిరక్షణాధికారి దగ్గరికి వెళ్ళాం. (వారి గది బోర్డు రోడ్డు అవతలికి కూడా కనిపిస్తుంది.) ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించాడు. ఒకప్పుడు ఆ కేంద్రానికి బోర్డు ఉండేదట. దాని కిందనుంచి లోపలికి వెళ్ళడానికి జనం సిగ్గుపడుతున్నారని ఒక సంఘం వేశారట. సంఘం బోర్డు కనబడకుండా చేయించింది. ఆ తర్వాత వచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. దాంతో వ్యసనం తగ్గుముఖం పట్టిందని శాఖ తేల్చింది.

బావకి అప్పటికే చెమటలు పడుతున్నాయి. ముక్కు కారుతోంది, ఆవలింతలు ఆగడం లేదు.

"సార్, ఈయన్ని చూడండి. మధ్యాహ్నానికి మూసేస్తారంట. ఎక్కడుందో చెప్పండి చాలు, మీకు పుణ్యముంటుంది" అంది అక్క.

"అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళకైతే చెప్పొచ్చమ్మా. ఒక్కసారి వెళ్ళి, వెళ్ళినట్టు రాయించుకుని రండి. వెంటనే చెప్పేస్తాను."

బయటికొచ్చాక బావ కాళ్ళు అలవాటు చొప్పున గొడుగు వైపు తిరిగాయి. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకైతే నిజంగా భయమేసింది.

"ఏంటన్నా, అలా పీక్కుపోయావు? ఎన్ని ఇమ్మంటావు?" అన్నాడు గొడుగాయన.

అక్క అడ్డంగా నిలబడింది. "బిళ్ళలొద్దు. అవి మాన్పించే ఆసుపత్రి ఎక్కడో తెలుసా?"

అతను ఏమీ అనుకోలేదు. "తెలీకపోవడమేంటక్కా! ఈ సందు చివర బూడిద రంగు గోడ, నల్ల గేటు. డాక్టరమ్మ మంచిది. మూసేస్తారు, తొందరగా వెళ్ళండి."

"నీ బేరం పోదూ?" అన్నాను ఉండబట్టలేక.

"పోతే పోనీలే అన్నా. వాళ్ళు మూసేశాక అందరూ రావాల్సింది ఇక్కడికేగా."

నల్ల గేటు దగ్గర బావ టక్కున ఆగిపోయాడు. "ఒరే, ఈ గోడకి రంగేసింది నేనేరా! ఆ పైన ఏదో బోర్డుంటే దాని మీద కూడా పూసెయ్యమన్నారు. అక్షరాలు కనబడుతున్నాయంటే ఇంకో పూత కూడా వేశా."

"ఏం రాసుందో చదవలేదా బావా?"

"రంగేసేవాడు గోడలు చదువుతూ కూర్చుంటే పని అయినట్టే."

లోపల డాక్టరమ్మ బావని పరీక్షించి, నాలుక కింద మందు పెట్టి, బల్ల మీద కూర్చోబెట్టింది. రోజూ రావాలనీ, మధ్యలో మానితే కథ మళ్ళీ మొదటికొస్తుందనీ చెప్పింది. కొంతసేపటికి బావకి చెమటలు తగ్గాయి. "ఆకలేస్తోందే" అన్నాడు. ఆ ఒక్క మాటకి అక్క కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

వచ్చేటప్పుడు అక్కడి గుమాస్తా, మా గురించి మీకెవరు చెప్పారని అడిగాడు. అక్కకి అబద్ధం చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

శాఖవారు నిద్రపోతుంటారని నిందించేవాళ్ళు ఈ ఒక్క విషయంలో లెంపలేసుకోవాలి. బావ ఇంకా బుద్ధిగా మందుకి వెళ్తూ, మళ్ళీ బ్రష్షు పట్టుకోవాలని ముచ్చటపడుతున్న రోజుల్లోనే ఒక పొద్దున గేటుకి తాళం కనిపించింది. అందరి ఫోన్లకీ సందేశం వచ్చింది: 'కేంద్రం చిరునామా బయటివారికి తెలిసిపోయినందున, మీ గోప్యత దృష్ట్యా వేరే చోటికి మార్చడమైనది. కొత్త కేంద్రం మీకు మరింత దగ్గర.'

సహాయ నంబరులో అదే పాట. బావకి ఆవలింతలు మొదలయ్యాయి. అక్క ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముగ్గురం మలుపు దాకా నడిచాం.

గొడుగాయన అప్పటికే గొడుగు తెరిచి కూర్చున్నాడు. "దారా అన్నా, బిళ్ళలా?" అని మర్యాదగా అడిగాడు.

బావ అక్క వైపు చూశాడు, గొడుగాయన బిళ్ళల జేబు వైపు చూశాడు, కాస్త ఆగి "దారే" అన్నాడు. ఆ ఆగినంతసేపూ ఆయన మనసులో ఏముందో మాకెవరికీ తెలీలేదు, ఆయన గోప్యతకి ఏ లోటూ రాలేదు.